ఇంటిగుట్టు

"ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెత నెఱుగని తెలుగిల్లు లేదు. కూతురు అత్తవారింటికి పోవునప్పుడు తల్లి చెప్పు బుద్ధులలో నిది మొదటిది. కోడలు పొరుగమ్మతో నాలుగు మాటలాడినచో అత్త జ్ఞాపకము చేయునదియు నిదియే. సంసారమన్న తరువాత కలతలు రాకమానవు. వానిని వీథిలో పెట్టుకొన్నచో నవ్వువారేకాని తీర్చువా రుండరు. కాబట్టి ఇంటిమాట ఇంటనే యుంచుకొనవలెనని దాని తాత్పర్యము. ఇందులో వివేకము లేదనరాదు. భార్యాభర్తల అలుకలును, తోడికోడండ్ర మాటపట్టింపులును, లేమివలన గలుగు చిన్నతనములును నలుగురి నోళ్ల బడకుండుటయే మర్యాద.

కాని యీ సామెత పుట్టిన కథను ఒక్కసారి నెమ్మదిగా తలచుకొందము. లంకలోని గుట్టేమి? పరుని భార్యను బలిమిని తెచ్చి యశోకవనమున చెఱబెట్టుటయే గదా. విభీషణుడు మొదటనే పరుగెత్తి పరులతో చెప్పలేదు. అన్నకు హితవు చెప్పెను, నిండుసభలో చెప్పెను, ఆమెను మర్యాదతో తిరిగి పంపివేయుమని వేడుకొనెను. నిందలు మాత్రమే లభింపగా గడప దాటెను. ఇక లంకకు చేటు దేనివలన వచ్చినది? చెఱబెట్టినవాని వలననా, ఆ మాట బయటపెట్టినవాని వలననా? రామాయణము చదివిన వారెవరును రెండవ జవాబు చెప్పరు. అయినను మన సామెత చెప్పుచున్నది ఆ రెండవ జవాబే. కావ్యము దోషిని పట్టుకొన్నది. సామెత సాక్షిని పట్టుకొన్నది. మన యిండ్లలో నేటికిని చెల్లుచున్నది సామెత చెప్పిన ధర్మమే.

స్త్రీలపైనను బాలికలపైనను జరుగు హింసను మాన్పుటకు ప్రభుత్వము చేయవలసినదేమి, చేయగలిగినదేమి యను ప్రశ్న నీ వ్యాసమున విచారింపదలచితిని. ఇది పోలీసులకును న్యాయస్థానములకును సంబంధించిన విషయమని సాధారణముగ నెంచుదురు. దీని మూలము మన గడప లోపలనే యున్నదని నా నమ్మకము.

ఇతరులకు బుద్ధి చెప్ప బూనినవారు తమ తప్పు దాచుకొనుట న్యాయము కాదు గనుక ముందు నా సంగతి చెప్పుకొందును. కొన్నియేండ్ల క్రింద మేము కాపురమున్న యింటికిని పొరుగింటికిని నడుమ నొక్కటే గోడ. ఆ యింటి యిల్లాలు నన్ను "అక్కయ్యగారూ" అని పిలుచును. పండుగనాటి పిండివంటలును, పెరటిలోని కరివేపాకును ఆ గోడమీదుగనే యిచ్చిపుచ్చుకొనెడివారము. కొన్ని రాత్రు లా గోడగుండ వేఱు చప్పుళ్లు వినవచ్చెడివి. గిన్నెలు పడిన చప్పుడు, అదిమిపెట్టుకొన్న యేడుపు, ఆ పైన "వద్దు నాన్నా" అను పసిపిల్ల కేక. మేము టెలివిజను ధ్వని హెచ్చించెడివారము. మా పిల్లలు వినకుండుటకని అప్పుడు చెప్పుకొంటిని; మేము వినకుండుటకే యని యిప్పుడు ఒప్పుకొనుచున్నాను. ఒకనాటి యుదయమున ఆమె కంటిక్రింద కమిలియుండెను. "మెట్లమీద జారితి నక్కయ్యగారూ" అనెను. ఆ యింటికి మెట్లు లేవు. ఆ సంగతి నాకు తెలియును. నాకు తెలియునని యామెకును తెలియును. "జాగ్రత్తమ్మా" అని నేను లోపలికి పోతిని. మఱికొన్ని నెలలకు వారు ఇల్లు మారిపోయిరి. ఆ పిమ్మట ఆమె యేమైనదో నే నెఱుగను.

ఇది నా యొక్కదాని పిఱికితన మనుకొన్నచో కొంత యూరటగా నుండును. కాని లెక్కలట్లు చెప్పుటలేదు. 2019 మొదలు 2021 వఱకు భారతప్రభుత్వము జరిపించిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, పెండ్లియైన 18 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మంది భర్తచేతిలో హింస పడితిమని చెప్పిరి. హింసకు గురియైన స్త్రీలలో నూటికి 77 మంది యెవరి సాయమును కోరలేదు, ఎవరితోను చెప్పుకొననులేదు. సాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. వారిలోను ఎక్కువమంది పోయినది తమ రక్తబంధువుల యొద్దకే. ఠాణా మెట్లెక్కినవారు బహు కొద్దిమంది.

అంతకంటె మనసును కలచు లెక్క మఱొకటి కలదు. చెప్పకుండ బయటికి పోయినను, ఇంటిని పిల్లలను సరిగా చూడకున్నను, ఎదురు చెప్పినను, వంట చెడగొట్టినను, అత్తమామలను గౌరవింపకున్నను భర్త భార్యను కొట్టుట తగునా యని ఆ సర్వేలో ప్రశ్నించిరి. ఇట్టి కారణములలో నేదో యొకదానికి కొట్టవచ్చునని దేశము మొత్తముమీద నూటికి 45 మంది స్త్రీలనిరి. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను అట్లన్నవారు నూటికి సుమారు 84 మంది! అన్నవారు పురుషులు గారు. మన తల్లులు, మన యక్కచెల్లెండ్రు. వీరేశలింగముగారు పుట్టిన గడ్డమీద, ఆడపిల్లలు వేలసంఖ్యలో ఇంజనీరింగు చదువుచున్న కాలమున, వచ్చిన జవాబిది. వారికి దెబ్బలు తీపియైనవని దీని కర్థము గాదు. చిన్ననాటినుండి మనము వల్లెవేయించిన పాఠమును వారు మనకే యొప్పజెప్పిరి. ఏ న్యాయస్థానమునకు పోకముందే తీర్పు ఆమె మనసులోనే వెలువడియున్నది: తప్పు తనదేయని.

ఇట్టి సంఘమున ప్రభుత్వమేమి చేయగలదు? కొంత చేసినది. 1961లో వరకట్న నిషేధ చట్టమును చేసిరి. 1983లో భర్తయు నతని బంధువులును చేయు క్రూరత్వమును శిక్షాస్మృతిలో 498-ఏ సెక్షనుగ జేర్చిరి. 1986లో వరకట్నపు మరణమును ప్రత్యేక నేరముగ నిర్ణయించిరి. 2024 జూలై 1వ తేదీనుండి శిక్షాస్మృతికి బదులుగ భారతీయ న్యాయసంహిత వచ్చినను ఆ నేరములు వేఱు సంఖ్యలతో అందులో నిలిచియే యున్నవి. ఇవన్నియు శిక్షించు చట్టములు. ఇవి యుండవలసినవే. చంపినవానిని, చంపబోయినవానిని శిక్షింపని రాజ్యము రాజ్యము గాదు.

కాని నడురేయి గోడ కానుకొని కూర్చున్న యా యిల్లాలు నిజముగ కోరుచున్నదేమి? భర్తను జైలుకు పంపవలెనని పెక్కుమంది కోరరు. అతడు జైలుకు పోయినచో పిల్లల ఫీజు లెవరు కట్టుదురు, అతని తల్లి ముఖ మెట్లు చూతునని యాలోచింతురు. విడాకులును కోరరు, పుట్టింట చోటు లేదు, చేత పైకము లేదు. ఆమె కోరికలు రెండే, చిన్నవే: "నన్ను కొట్టవద్దు, నన్ను ఇంటినుండి గెంటవద్దు." 2005వ సంవత్సరము వఱకు మన చట్టములు ఆమెతో చెప్పినది వేఱు: "అతనిని జైలుకు పంపుము, లేదా అతనిని విడిచిపొమ్ము." ఆమె యీ రెంటిలో దేనిని చేయజాలక మౌనముగ నుండినది. ఆ మౌనమును పిఱికితన మనుటకు ముందు, ఆమె యడిగిన ప్రశ్నకు రాజ్యమునొద్ద జవాబు లేకుండెనని మనము గుర్తింపవలెను.

ఆ జవాబు 2005లో చేసిన గృహహింసనుండి స్త్రీల రక్షణ చట్టముతో వచ్చినది. అది 2006 అక్టోబరు 26వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. దానిని గూర్చి మన యిండ్లలో తెలిసినది స్వల్పము గనుక కొంచెము వివరింతును. కొట్టుట యొక్కటే హింస కాదనియు, లైంగికముగ బాధించుటయు, బిడ్డలు లేరని, మగపిల్లవాడు లేడని దెప్పి అవమానించుటయు, తిండికి బట్టకు డబ్బీయక మాడ్చుటయు, ఆమె నగలను ఆమె యిష్టము లేక అమ్ముకొనుటయు హింసయే యనియు అది నిర్వచించినది. అది భార్యల కొఱకే యేర్పడినదియు గాదు. కొడుకుచేతిలో దెబ్బలు తిను ముసలితల్లికిని, అన్న యింట అణగియుండు చెల్లెలికిని, భర్త పోయిన కోడలికిని అందులో చోటు కలదు. బాధితురాలు మేజిస్ట్రేటునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. లేదా రక్షణాధికారి యను నుద్యోగితో చెప్పుకొన్నచో అతడే దానిని వ్రాసి పంపవలెను. దరఖాస్తు చేరిన మూడు దినములలో మొదటి విచారణ సాధారణముగ జరుగవలెను. ఆ పిమ్మట 60 దినములలో ముగింప బ్రయత్నింపవలెను. "ఈమెను కొట్టవద్దు, ఈమె పనిచేయు చోటికి పోయి అల్లరి చేయవద్దు" అని మేజిస్ట్రేటు ఆజ్ఞ యీయవచ్చును. వైద్యపు ఖర్చులును, మనువర్తియు, పిల్లల పోషణయు ఇప్పింపవచ్చును. ఆజ్ఞకు లోబడినవానికి జైలులేదు. ఆజ్ఞను మీఱినవానికి ఒక యేడాదివఱకు ఖైదు గాని, 20,000 రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. అనగా ఈ చట్టము మొదట "ఆగు" అనుచున్నది, ఆగనివానినే దండించుచున్నది.

ఇందులోని 17వ సెక్షను నా దృష్టిలో మిక్కిలి గంభీరమైనది. కాపురము చేసిన యింటిలో స్త్రీకి స్వత్వ మున్నను లేకున్నను అచట నివసించు హక్కు కలదనియు, న్యాయస్థానము ద్వారా తప్ప ఆమెను వెళ్లగొట్టరాదనియు అది చెప్పుచున్నది. మన యిండ్లలో స్త్రీని హింసించుటకు కఱ్ఱ యక్కరలేదు; "నా యింటినుండి పో" అను నొక్కమాట చాలును. ఆ మాట నోటిలో సిద్ధముగ నుండుటవలననే మిగిలిన దెబ్బలన్నియు మౌనముగ జెల్లిపోవుచున్నవి. పుట్టిననాడు ఆ యిల్లు తండ్రిది, పెండ్లియైననాడు మామగారిది, పిమ్మట భర్తది, తుదకు కొడుకుది. ఊడ్చి యలికి ముగ్గు పెట్టినది మాత్రము ఆమె. ఇల్లాలు అని పేరు పెట్టితిమి. ఇల్లు మాత్రము పెట్టలేదు.

ఈ ప్రశ్న న్యాయస్థానములలోను సులభముగ తెగలేదు. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక వ్యాజ్యమున, ఇల్లు అత్తగారి పేరనున్నది గనుక కోడలికి అందు నివాసపు హక్కు లేదని తీర్పు చెప్పెను. మన దేశమున కొత్తకోడండ్రు కాపురము చేయు నిండ్లలో నెన్ని అత్తమామల పేరనుండవు? ఆ తీర్పుతో చట్ట మిచ్చిన తలుపు సగము మూసికొన్నది. దానిని తెఱచుటకు పదునాలుగేండ్లు పట్టినది. 2020 అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము పాత తీర్పు సరికాదనియు, కోడలు కుటుంబముతో కలిసి కాపురము చేసిన యిల్లు అత్తమామల దైనను అది చట్టము చెప్పిన గృహమే కావచ్చుననియు నిర్ణయించెను. అయితే ముసలి అత్తమామల శాంతిని గూడ తూచి చూడవలెనని యా తీర్పే హెచ్చరించినది. ఈ తూనిక న్యాయమైనది. ఒక స్త్రీకి నీడ యిచ్చుటకు మఱియొక వృద్ధురాలి నీడ తీయుట ధర్మము కాదు.

ఇక దీనిపై వచ్చు ఆక్షేపణలను చూతము. మొదటిది, ఇల్లు ప్రేమచే నడచునది, అందు ప్రభుత్వము కాలుపెట్టినచో ప్రేమ పోవునని. వినుటకిది సొంపుగ నున్నది. కాని మన యిండ్లలోనికి ప్రభుత్వమును మనమే పిలువని దినమున్నదా? పెండ్లికి రిజిస్ట్రేషను కావలెను, దత్తతకు దస్తావేజు కావలెను, వీలునామాకు సాక్షులు కావలెను. అన్నదమ్ములు జానెడు గోడకొఱకు ఇరువదియేండ్లు కోర్టుల చుట్టు తిరిగినను ఇంటిగుట్టు బయటపడెనని యెవరును సిగ్గుపడలేదు. గోడను కొలుచుటకు అమీను రావచ్చును గాని గోడవెనుక నేడ్చుచున్న మనిషిని జూచుటకు ఎవరును రారాదందుమా? 2020లో కరోనా వ్యాధికి జడిసి దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు, ఇంటనుండుటయే క్షేమమని అందఱికిని బోధించిరి. ఆ యేప్రిలు నెలలోనే జాతీయ మహిళా కమిషను గృహహింసపై ఫిర్యాదులకు ప్రత్యేకముగ నొక వాట్సాప్ నంబరు తెఱువవలసి వచ్చినది. కొందఱికి వ్యాధి వీథిలో లేదు, ఇంటనే యున్నది. ప్రేమ యున్నచోట ఈ చట్టమునకు పనియే లేదు. ప్రేమ లేనిచోట దానిని పాడుచేయునను భయమును లేదు.

రెండవది, ఇట్టి మెత్తని చట్టములవలన లాభములేదు, దుష్టులను వెంటనే చంపివేయవలెనని. దీనిని మంచివారే అనుచుండుట వింటిని. 2019 నవంబరు చివర హైదరాబాదు దగ్గర నొక యువ పశువైద్యురాలిపై అత్యాచారము చేసి చంపిరి. దేశమంతయు కుమిలిపోయినది. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున నిందితులు నలుగురును పోలీసు కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన విచారణసంఘము తన నివేదికలో, పోలీసులు చంపవలెనను నుద్దేశముతోనే కాల్చిరని తేల్చెను. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చెను. ఇందు మనము మఱచిన సంగతి యొకటి కలదు. ఆ రాత్రి బిడ్డ రాలేదని వెదకుచు వచ్చిన కుటుంబము ఫిర్యాదు తీసికొనుటలో జాగు చేసిరని ముగ్గురు పోలీసులను సస్పెండు చేసిరి. ఇది ఏ ఠాణా హద్దు అను వాదముతో విలువైన కాలము గడచిపోయెనని యప్పటి పత్రికలు వ్రాసెను. తుపాకి తొందరగ పనిచేసినది. తలుపు ఆలస్యముగ దెఱచుకొన్నది. మనము తుపాకికి పూలు చల్లితిమి. తలుపు మాట అడుగలేదు. విచారణ లేక చంపగల రాజ్యము రేపు విచారణ లేక ఎవరినైనను చంపగలదు. కంచె చేను మేయ మొదలిడినచో అందు మొదట నలిగిపోవునది బలహీనుని చేనే. అదియుగాక, నిత్యము ఇంటిలో జరుగు హింసకు ఏ తుపాకి జవాబు? భర్తలను, తండ్రులను, కొడుకులను కాల్చివేయుదమా? కఠినశిక్షను గోరు కోపములో, ఆ దుష్టుడు మనవాడు గాడను నమ్మకము దాగియున్నది.

మూడవది, ఈ చట్టములను అబద్ధముగ వాడుకొని అమాయకులను వేధించువారు కలరని. కలరు, లేరనుట సత్యము గాదు. అందుచేతనే 2014లో సుప్రీంకోర్టు, 498-ఏ వంటి కేసులలో కారణము విచారింపక వెంటనే అరెస్టు చేయరాదని పోలీసులకు కట్టడి చేసెను. అది మంచిదే. కాని దొంగ ప్రోనోట్లు పుట్టుచున్నవని అప్పుల చట్టమును రద్దుచేయుమని ఎవరైన కోరిరా? దొంగనోటును దొంగనోటుగ పట్టుకొందురు. నిజమైన అప్పును ఇప్పింతురు. స్త్రీ విషయమున మాత్రము ఒక్క అబద్ధము వినినంతనే వేయి నిజములకు తలుపు మూయుదుమనుట యేమి న్యాయము? నూటికి 77 మంది నోరే తెఱవని చోట, ఎక్కువగ నోరు తెఱచుచున్నారను భయమునకు ఆధారము కొద్ది.

ఆక్షేపింపవలసినది వేఱొకటి యున్నది, అది ప్రభుత్వమునే. చట్టము కాగితముమీద చక్కగ నున్నది. దానిని నడపు మనుష్యులెక్కడ? రక్షణాధికారియే యీ చట్టమునకు ప్రాణము. పెక్కు రాష్ట్రములలో ఈ పనిని అప్పటికే చేతినిండ పనులున్న యుద్యోగుల కదనముగ నప్పగించిరి. అంగనవాడీలను, పింఛనులను, పోషకాహారమును చూచు నధికారియే, మూడు దినములలో మేజిస్ట్రేటు ముందు నిలువవలసిన స్త్రీ చేయిని గూడ పట్టుకొనవలెను! 2025 మే నెలలో సుప్రీంకోర్టు, జిల్లాలలోను తాలూకాలలోను రక్షణాధికారులను నియమింపుడని, చట్టమును గూర్చి ప్రజలకు తెలుపుడని, రాష్ట్రములకు మరల ఆజ్ఞాపింపవలసి వచ్చినది. చట్టము పుట్టి ఇరువదియేండ్లు నిండబోవుచుండగా, అందలి మొదటి పనిని చేయుడని చెప్పుట యిది. 2015లో సఖి కేంద్రములను ప్రారంభించి, వైద్యము, పోలీసు, న్యాయసలహా, తాత్కాలికపు నీడ ఒక్కచోట దొరుకునట్లు చేయుటయు, 181 అను టెలిఫోను నంబరు నేర్పరచుటయు మంచి పనులు. కాని ప్రభుత్వము మంచిదో చెడ్డదో నిర్ణయించుటకు పథకముల పేరులను లెక్కింపరాదు. రాత్రి పదిగంటలకు ఒక స్త్రీ పసిపిల్లను చంకనెత్తుకొని వచ్చి తలుపు తట్టినచో, తెఱచువారు కలరా లేదా? ఇదియొక్కటే పరీక్ష.

అయినను ప్రభుత్వమునే నిందించి చేతులు కడుగుకొనుటకు నాకు మనసొప్పకున్నది. మన చరిత్రయే మనకొక పాఠము చెప్పుచున్నది. వితంతువుల పునర్వివాహము చెల్లునను చట్టము 1856లో వచ్చెను. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ ఇరువదియైదేండ్లు! ఆ యిరువదియైదేండ్లును చట్టము చట్టముగనే యున్నది. తెలుగుదేశపు బాలవితంతువులు వంటయింటి మూలలలో బాలవితంతువులుగనే యుండిరి. చట్టమునకు ప్రాణము వచ్చినది ఒక గృహస్థు తన తలుపు తెఱచిననాడు. ఆ తలుపు తెఱచినందుకు వంటవారును నీళ్లు తెచ్చువారును రాక మానగా, రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీళ్లు మోసికొని వచ్చి, వంట చేసి పెట్టిరి. చట్టము చేసినది కలకత్తాలోని ప్రభువులు. ఆ చట్టమును మోసినది ఒక ఇల్లాలి బిందె. ఈ మాటను మఱచి, మన కర్తవ్యము నంతయు ప్రభుత్వముపై నుంచుట మన పెద్దలను అవమానించుటయే యగును.

మఱి నేడు ఆ బిందె నెత్తుకొనుట యెట్లు? ఇక్కడ నేను ముందు చెప్పిన గోడ కథకు తిరిగి రావలసియున్నది. 2005 నాటి చట్టములో 4వ సెక్షనని యొకటి కలదు. గృహహింస జరిగినదని గాని, జరుగుచున్నదని గాని, జరుగనున్నదని గాని నమ్ముటకు కారణమున్న ఎవరైనను రక్షణాధికారికి తెలియజేయవచ్చును. మంచి యుద్దేశముతో తెలిపినవారిపై ఏ వ్యాజ్యమును, ఏ నేరమును నిలువదు. ఈ రెండు వాక్యములను నేను చదివినది పొరుగువారు ఇల్లు మారిపోయిన చాలకాలమునకు. చదివి చాలసేపు పుస్తకము మూయలేకపోతిని. మెట్లు లేని యింటిలో ఆమె మెట్లమీద జారిన యుదయమున, ఈ దేశపు చట్టము నా పక్కన నిలిచి, "నీవు చెప్పవచ్చును, నీకు భయములేదు" అనుచునే యుండెను. పొరుగింటి మాట మనకెందుకను మర్యాదను అది నా కాయుధముగ నుంచలేదు. విభీషణునకు లేని రక్షణ నాకున్నది. అయినను నేను చెప్పలేదు.

పొరుగువారు పోలీసువలె వేగు చూడవలెనని నా యభిప్రాయము గాదు. మొదట చేయవలసినది ఆమెతో మాటలాడుట. "మెట్లమీద జారితిని" అన్నప్పుడు "అమ్మా, మీ యింటికి మెట్లు లేవుగదా, నీకు చెప్పవలెననిపించినప్పుడు మా తలుపు తెఱచియుండును" అనుట కెంతసేపు పట్టును? తరువాత ఆమె యిష్టమెఱిగి నడుచుకొనవలెను. ఆమెను అడుగక ఆమె జీవితమును మనము నడపబూనుటయు నొక దౌర్జన్యమే. కాని ప్రాణాపాయమున్నప్పుడు, పసివారిపై చేయి లేచినప్పుడు అడుగుచు కూర్చుండ పనిలేదు. పుట్టింటివారు చేయవలసినది మఱియొకటి కలదు. కూతురు గాయములతో గడపలోనికి వచ్చినప్పుడు "సర్దుకొనిపొమ్మా" అను మాటను మన భాషనుండి తొలగింపవలెను. ఆమె నూటికి 14 మందిలో నొకతె. ఎంత ధైర్యము కూడగట్టుకొని మన యొద్దకు వచ్చినదో తెలిసికొన్నచో ఆ మాట మనకు నోట రాదు. ఇక కొడుకులున్న తల్లులు చేయవలసినది వేఱే చెప్పనక్కరలేదు. ఆ 84 మందిలోనివారు మన యింట నెందఱున్నారో, అన్నము వడ్డించునప్పుడు మాటవరుసకు అడిగి చూతురుగాక.

మర్యాదకును మౌనమునకును భేదము కలదు. ఇంటిగుట్టు కాపాడుట మర్యాదయే, ఆ గుట్టు ఇంటివారందఱిది యైనప్పుడు. ఒకరి దెబ్బలను మఱియొకరి పరువుకొఱకు దాచినప్పుడు అది గుట్టు గాదు, చెఱ. లంక కాలినది విభీషణుని మాటవలన గాదని మన పిల్లలకు కథ చెప్పునప్పుడైనను చెప్పుదము. ప్రభుత్వము అధికారులను నియమించుగాక, నియమించువఱకు మనము గట్టిగ నడుగుదము. అంతవఱకును, ఆ పిమ్మటను, గోడకు ఇవతలనున్న మనము టెలివిజను ధ్వని తగ్గింతము.